గుక్కెడు నీళ్లు

మా వైపు బాలింత ఒంటికి కాగుల కొద్దీ వేడినీళ్లు పోస్తారు గానీ, తాగడానికి మాత్రం గుక్కెడే ఇస్తారు. ఎక్కువ తాగితే ఒంటికి నీరు పడుతుందని భయం. పంతొమ్మిది వందల అరవైల్లో బాపట్ల దగ్గర మా అత్తవారింట్లో ఆ కట్టుబాటు మీద నాకు పుట్టిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

నా ఆడపడుచును రేపల్లెకు ఇచ్చారు. నాకంటే చిన్నది, గలగలా మాట్లాడే పిల్ల. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మంత్రసాని చేతుల్లో రెండు రాత్రులు నొప్పులు పడింది. బిడ్డ దక్కలేదు. తల్లయినా బతికిందని మేం ఊపిరి పీల్చుకున్న వారానికి, తనకు తెలియకుండానే మూత్రం కారిపోవడం మొదలైంది. కూర్చున్నా, పడుకున్నా, నడిచినా ఆగదు.

"పచ్చి ఒళ్లు కదా, పట్టు తప్పింది. నీళ్లు తగ్గిస్తే అదే ఆగుద్ది," అన్నారు మా అత్తగారు.

ఆ గుక్కెడూ సగమైంది. మజ్జిగ కూడా మానిపించారు. పిల్ల పెదవులు పగిలాయి, తొడలు ఒరుసుకుపోయి పుళ్లు పడ్డాయి, వాసన ఇంకా ఘాటెక్కింది. కారడం మాత్రం ఆగలేదు. నేను పాత చీరలు చింపి మడతలు వేసి ఇస్తుంటే, "దగ్గరికి రామాక వదినా, నాకే కంపు కొడతంది," అని మొహం తిప్పుకునేది. నాకు ఏడుపొచ్చేది. ఆ ఏడుపు కాస్తా అత్తగారి మీద కోపమయ్యేది. ఆవిడ చెడ్డదని రాసుకుంటే నాకు సుఖంగానే ఉండును. కానీ ఆ గుడ్డలన్నీ ఎవరి కంటా పడకుండా తన చేతుల్తో ఉతికింది ఆవిడే.

అల్లుడు చూడవచ్చినప్పుడల్లా "ఇంకా నీరసంగానే ఉంది బాబూ" అని వసారాలోనే కాఫీ ఇచ్చి పంపేవారు. చివరిసారి అతను కాఫీ ముట్టలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకే, రేపల్లెలో అతనికి మళ్లీ సంబంధాలు చూస్తున్నారన్న మాట మా చెవిన పడింది. ఆ రోజు మావారితో తెగేసి చెప్పాను, తెనాలిలో లేడీ డాక్టరుందట, నేను తీసుకెళ్తానని. అత్తగారూ బయలుదేరారు. రైల్లో చోటున్నా ఆ పిల్ల కూర్చోలేదు. తెనాలి దాకా తలుపు దగ్గరే నిలబడింది.

డాక్టరమ్మ పరీక్ష చేసి, చేతులు కడుక్కుని, "దీన్ని ఫిస్టులా అంటారమ్మా," అన్నారు. నేను ఆ మాట వినడం అదే మొదలు. లాటిన్‌లో గొట్టమని అర్థమట.

"ఒంట్లో ఉండకూడని చోట దారి పడితే అలా అంటాం. ఆసనం పక్కన కురుపు లేచి, చితికి, మానకుండా లోపలికి దారి మిగిలితే అదీ ఫిస్టులానే. పెద్దవాళ్లు భగందరం అంటారే, అది. ఈ అమ్మాయికి బిడ్డ తల ఇరుక్కుపోయి మూత్రం సంచిని నొక్కేసింది. నలిగిన చోట కండ చచ్చి రంధ్రం పడింది. చెరువుకు గండి పడ్డాక తూము మూసి ఏం లాభం? ఇది నీరసం కాదు. కుట్టాలి."

చాలా ఏళ్ల తర్వాత, మూత్రపిండాలు చెడిన మా బంధువు ఒకాయనకు రక్తం శుభ్రం చేయడం కోసం డాక్టర్లే చేతిలో రెండు రక్తనాళాలను కలిపారు. దాన్నీ ఫిస్టులానే అంటారని విని నేను నమ్మలేకపోయాను. ఆ రోజు తెనాలిలో మాత్రం ఆ మాటంటే నాకు రోగమనే తెలుసు.

"నీళ్లు ఏమాత్రం తాగుతున్నావు?" అని అడిగారు డాక్టరమ్మ.

"రోజు మొత్తానికి ఓ గ్లాసుడండి."

"ఎవరమ్మా నీకు చెప్పింది? నీళ్లు తగ్గేకొద్దీ మూత్రం చిక్కబడి ఒళ్లు కోసేస్తుంది. కడుపు నిండా తాగాలి."

అత్తగారి వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేనేనండి," అన్నారు. "నేనే మానిపించానండి. ఆగుద్దనుకున్నా." నెలల తరబడి పోగేసుకున్న కోపాన్ని ఎక్కడ దించుకోవాలో నాకు తోచలేదు.

నలిగిన కండ మానేదాకా ఆగి, పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. అంతకుముందే నేను అల్లుణ్ణి పిలిపించి, ఇంట్లో ఎవర్నీ అడక్కుండా ఉన్నదంతా చెప్పేశాను. అతను, "ఈ మాటేదో మొదట్లోనే చెప్తే పోయేదిగా అక్కయ్యగారూ. నేనంటే ఇష్టం లేక రావట్లేదనుకున్నా," అన్నాడు.

మూత్రానికి రబ్బరు గొట్టం పెట్టి ఉంచినన్నాళ్లూ మంచం పక్కన కూర్చుని, వద్దన్నా వినకుండా నీళ్లు తాగించింది మా అత్తగారే. గొట్టం తీశాక గుడ్డ పొడిగానే ఉంది. ఆ రాత్రే పిల్ల నన్ను తట్టి లేపి, "వదినా, నాకు ఒంటికొస్తంది," అంది. ఆ మాటకు ఇద్దరం పెద్దగా నవ్వాం, ఏడ్చాం.

కోలుకున్నాక, తెనాలిలో బండి మారి ముగ్గురం రేపల్లె వెళ్లాం. ఈసారి ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. మరచెంబు ఎత్తి గటగటా నీళ్లు తాగింది. స్టేషన్లో భర్త ఎదురొచ్చాడు. మేమిద్దరం దిగినా అత్తగారు దిగలేదు. వెనక్కి వెళ్లి చూశాను. ఆవిడ, కూతురు కూర్చున్న పొడి బల్ల మీద అరచెయ్యి ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరకు తడుముతున్నారు.

"ఏంటత్తయ్యా?" అన్నాను.

"మరచెంబు మర్చిపోయాననుకున్నానే," అన్నారు కళ్లు తుడుచుకుంటూ. మరచెంబు ఆవిడ రెండో చేతిలోనే ఉంది.