టేపక్క కొలిచిన ఇల్లు

టేపక్కకు ఒక్క చోట కాలు నిలవదు. మెడలో కొలత టేపు, చేతిలో కత్తెర, నోట్లో రెండు గుండుసూదులు. మాట్లాడాలంటే సూదులు తీయాలి, తీయడానికి బద్ధకం, అందుకే సగం మాటలు కనుబొమలతోనే కానిచ్చేస్తుంది. అసలు పేరు అడిగితే ఆ వీధిలో ఒక్కరూ చెప్పలేరు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే టేపక్క అంటే మాత్రం చంటిపిల్లలు కూడా వేలు పెట్టి ఇల్లు చూపిస్తారు.

ఆ ఇల్లు అద్దెది. ముందు గదిలో మిషను, నడిమి గదిలో వంటా పడకా, వెనక గదిలో అత్తగారు. మొగుడు దూరాలు తిరిగే బస్సు డ్రైవరు, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అత్తగారికి చూపు పోయి ఆరేళ్లయింది. నాలుగేళ్ల కిందట ఇక్కడికి వచ్చిన కొత్తలో గోడలు తడుముకుంటూ, గడపలకు వేళ్లు కొట్టుకుంటూ మూడు నెలలు తంటాలుపడి ఆవిడ ఈ ఇంటిని నేర్చుకుంది. మంచం నుంచి బాత్రూముకు తొమ్మిది అడుగులు, ముందు గుమ్మానికి ఇరవై ఒకటి. ఇప్పుడు గ్లాసుడు నీళ్లకు కూడా ఎవరినీ పిలవదు.

ఆవిడతో ఉన్నది ఒక్కటే గొడవ. "నేల కింద హోరుమంటోందే అమ్మాయ్, నీళ్లు పోతున్నట్టు" అని రోజూ అనేది. టేపక్క విని విని విసిగి ఆవిడను చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన రాసిచ్చిన చుక్కల మందును అప్పటి నుంచీ సాయంత్రం సాయంత్రం వేస్తూనే ఉంది.

ఒక మంగళవారం పొద్దున్నే నీళ్ల ఆఫీసు నుంచి సర్వే మనిషి వచ్చాడు. ప్రహరీ గోడ దగ్గర నుంచి కొలుచుకుంటూ పోయి, నడిమి గది పక్కగోడకు నిలువునా ఎర్రరంగు గీత గీశాడు. గేటుకు ఒక కాగితం అంటించాడు.

"ఏంటిది బాబూ?" టేపక్క సూదులు తీసి మరీ అడిగింది.

"ఈ ఇంటి కిందుగా మెయిన్ పైపు పోతోందమ్మా. పాతది, మార్చాలి. పైపుకి అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు ఎప్పుడో మా ఆఫీసుకి హక్కు రాసిచ్చిన జాగా. దాని మీద ఏమీ కట్టకూడదు. కట్టారు. పదిహేను రోజుల్లో కొట్టేస్తారు."

"మరి మేమో?"

"నోటీసు ఓనరు పేరున వచ్చింది. మీ పేరు మా కాగితాల్లో ఎక్కడా లేదు."

నడిమి గది కూలితే ఇక ఇల్లేముంది? టేపక్క ఓనరుకు ఫోన్ చేసింది. ఆయనకు అంతా ముందే తెలుసని గొంతులోనే తెలిసిపోయింది.

"చూడమ్మా, ఆఫీసులతో మనకెందుకు? ఆదివారానికల్లా ఖాళీ చేసెయ్యి. ఇళ్లకేం కరువా?"

ఇళ్లకు కరువు లేదు. అత్తగారు లెక్కపెట్టుకున్న అడుగులు ఏ ఇంట్లో దొరుకుతాయి? మళ్లీ గోడలు తడమడం, మళ్లీ వేళ్లు కొట్టుకోవడం, ఈ వయసులో.

మూడు రోజులు టేపక్క కాలుగాలిన పిల్లిలా తిరిగింది. గిన్నెలు సర్దేది, మళ్లీ తీసేది. గేటు దాకా వెళ్లి ఎందుకొచ్చానా అనుకునేది. ఒక చొక్కాకు రెండు ఎడమ చేతులు కుట్టింది. జాకెట్టు వదులు చేయించుకుందామని వచ్చిన కోర్టు టైపిస్టు, రిటైరైన మనిషి, ఆ చొక్కా చూసి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏమైంది, చెప్పు."

చెప్పింది. టైపిస్టు అగ్రిమెంటు తెప్పించుకుని కళ్లజోడు పెట్టుకుని చదివింది.

"ఇంకా ఏడు నెలలుంది. ఖాళీ చెయ్యమని నోటితో అంటే సరిపోదు, కాగితం మీద గడువివ్వాలి. నీళ్లవాళ్లకున్నది వాళ్ల పైపు దగ్గరికి వచ్చే హక్కు. ఆ ఎనిమిదడుగులు దాటి వాళ్లకేం లేదు. అది తెలిసీ మీ ఓనరు నీ దగ్గర దాచి అద్దెకిచ్చాడు చూడు, జవాబు చెప్పాల్సింది వాడు. ముందు నీళ్ల ఆఫీసుకెళ్లి ప్లాను చూపించమను. అక్కడ కాపురం ఉండేది నువ్వు."

"నాకు చూపిస్తారా పిన్నిగారూ?"

"నేను టైపు చేసిస్తా. ఎలా చూపించరో చూద్దాం."

చూపించారు, రెండు రోజులు తిప్పించి. మాసిన ప్లాను మీద గుమాస్తా వేలు పెట్టి చదివాడు: వీధి వైపు హద్దురాయి నుంచి లోపలికి ఇరవై నాలుగు అడుగులు.

టేపక్క అక్కడే ఆగిపోయింది. టేపు మొదటి చివర ఎక్కడ ఆనించాలో తెలియకపోతే ఎంత మంచి గుడ్డయినా పాడే. సర్వే మనిషి కొలిచింది ప్రహరీ గోడ నుంచి. హద్దురాయి ప్రహరీకి లోపల, ఇంటి వైపు పంపు కింద ఉంది. నాలుగేళ్లుగా ఆమె బకెట్టు పెడుతున్నది ఆ రాయి మీదే. అంటే ఓనరుగారు గోడను ఆరడుగులు వీధిలోకి జరిపి కట్టుకున్నారన్నమాట.

ఇంటికి పరిగెత్తింది. టేపు అయిదడుగులు. రాయి నుంచి సుద్దతో గుర్తులు పెట్టుకుంటూ, గడపలు దాటుకుంటూ, నాలుగుసార్లు నిండుగా, అయిదోసారి అడుగు తక్కువగా కొలిచింది. వెనక గదిలో ఆగింది. సుద్ద ముక్క అత్తగారి మంచం కోడుకు తగిలింది.

నేల మీద పడుకుని చెవి ఆనించింది. హోరు. సన్నగా, ఆగకుండా, నీళ్ల హోరు. టేపక్కకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఈ ఇల్లు దేని మీద ఉందో ఒక్క మనిషికి తెలుసు, ఆ మనిషి చెవుల్లో తను మందు పోసింది.

"ఏం వెతుకుతున్నావే?" అంది మంచం మీద నుంచి అత్తగారు. అప్పుడు అంతా చెప్పింది.

మర్నాడు టేపక్క తీసుకొచ్చిన నీళ్ల ఆఫీసు ఇంజనీరు దగ్గరుండి వెనక గోడ పక్కన తవ్వించాడు. పైపు టేపక్క చెప్పిన చోటే ఉంది. అటూ ఇటూ నాలుగడుగులు తీస్తే వెనక గది పోతుంది, నడిమి గోడ దగ్గర హద్దు ఆగుతుంది. అప్పుడే ఓనరు వచ్చాడు. హద్దురాయి మాట ఎవరూ తనను అనకముందే, "ప్రహరీ మా నాన్న కట్టిందండీ" అన్నాడు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ. టైపిస్టు తెచ్చిన కాగితం మీద మారుమాట లేకుండా సంతకం పెట్టాడు: ముందు రెండు గదులూ గడువు తీరేదాకా టేపక్కవి, పోయిన గదికి తగ్గట్టు అద్దె తగ్గింపు.

వెనక గదిని కొట్టేసి పాత పైపు మార్చారు. మంచం నడిమి గదిలోకి వచ్చింది. అత్తగారు రోజంతా గోడ పట్టుకుని కొత్త లెక్క వేసుకుంది. బాత్రూముకు నాలుగు, గుమ్మానికి పన్నెండు. రెండుసార్లు మిషనుకు మోకాలు కొట్టుకుంది. టేపక్క వెనకే తిరిగింది, పట్టుకుందామంటే ఆవిడ పట్టుకోనివ్వలేదు.

సాయంత్రం అలవాటు కొద్దీ టేపక్క చేతిలోకి మందు సీసా వచ్చేసింది. మంచం దాకా వచ్చాక గుర్తొచ్చి ఆగిపోయింది. అత్తగారు అప్పటికే అలవాటు కొద్దీ తల వంచి చెవి చూపించింది. కాసేపు అలాగే ఉండి, ఏదో వినబోయి, తల ఎత్తింది.

"మందు పనిచేసిందే అమ్మాయ్. ఇప్పుడు హోరు లేదు."