రాళ్లవానలో సిల్వర్ గంజు

మా ఇంటి ఓనరమ్మ మొన్న ఆదివారం తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. ఆవిడ కోడలు మెట్లెక్కి పైకి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "అక్కా, అత్తమ్మ లేస్తలేదు. జర వచ్చి చూడరాదు?" అంది. గలీ అంతటికీ ముందు లేచి వాకిలి ఊడ్చే మనిషి లేవడం లేదంటే ఇక చూడడానికి ఏమీ లేదని ఆ అమ్మాయికీ తెలుసు. అయినా ఇద్దరం పరుగెత్తాం.

మేం గోదావరి వైపు వాళ్లం. ఉద్యోగాల కోసం వచ్చి, కొండాపూర్ పాత ఊళ్లో ఆవిడ మేడ మీద కిరాయికి దిగాం. ఏడాది ఉండి అపార్ట్‌మెంటుకు మారిపోదామనుకున్నవాళ్లం, ఆవిడ పచ్చిపులుసుకు అలవాటుపడి పాతుకుపోయాం. గలీలో అందరూ పెద్దమ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. హోలీ దాటితే ఆవిడకు మధ్యాహ్నం నిద్ర ఉండేది కాదు. గేటు పట్టుకుని ఆకాశం వైపు చూస్తూ ఉండేవారు. మబ్బు పట్టి గాలి ఆగిందంటే చాలు, "ఎవ్వరెవ్వరు బయట ఉన్నరు? అందరు ఇంట్లకొచ్చిండ్రా?" అని కింద నుంచి కేక వేసేవారు. మీటింగులో ఉన్నా సరే, జవాబు చెప్పాల్సిందే. ఒకసారి నేను మ్యూట్ చేయడం మరిచిపోతే, మా మేనేజరు కూడా "నేను ఇంట్లోనే ఉన్నానని చెప్పండి" అన్నాడు.

కుళాయి పక్కన ఆవిడ స్నానాల నీళ్లు కాచే పెద్ద సిల్వర్ గంజు ఉండేది. అడుగంతా మసి, ఆ మసి కింద ఎన్నో సొట్టలు. వచ్చిన కొత్తలో, పాత సామానుకు వేసి కొత్తది తీసుకోండి పెద్దమ్మా అని సలహా ఇచ్చాను. "అవి రాళ్లవాన సొట్టలు బిడ్డా. వాటిని అమ్ముకుంటరా?" అన్నారు.

ఇప్పుడు అద్దాల ఆఫీసులున్న చోట వాళ్లకు ద్రాక్షతోట ఉండేదట. గుత్తులు రంగు తిరిగే వేళ రాళ్లవాన, మా వైపు మాటలో వడగళ్లవాన, మొదలైతే, ఆవిడ భర్త పెద్దాయన ఏమీ కప్పుకోకుండా తోటలోకి ఉరికాడు. ఈవిడ పొయ్యి మీది గంజులో ఇంకా కాగని నీళ్లు పారబోసి, దాన్ని నెత్తిన బోర్లించుకుని వెనకాలే వెళ్లింది. పందిరి కింద పడి ఉన్న మనిషిని లేపి, గంజు ఆయన నెత్తిన పెట్టి ఇంటికి తెచ్చింది. ఇద్దరికీ ఒక్కటే గంజు. ఆ రోజు భుజానికి తగిలిన దెబ్బతో ఆవిడ కుడిచెయ్యి పూర్తిగా పైకి లేచేది కాదు. వాన వెలిశాక తోటంతా ఉప్పు పరిచినట్టు తెల్లగా ఉందట. పిల్లలు దోసిళ్లతో ఎత్తుకుని ఆడుతుంటే పెద్దాయన గట్టు మీద కూర్చుని ఏడ్చాడట. మళ్లీ ద్రాక్ష వెయ్యలేదు. "తెల్లగున్నదల్ల పాలైతదా బిడ్డా?" అనేవారు ఆవిడ, ఆ సంగతి చెప్పిన ప్రతిసారీ.

మా పాప ఒకటో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం గాలి ఆగింది. నేను ఇంటి నుంచే పనిచేస్తున్నాను. మా ఆయన పాపను బడి నుంచి బండి మీద తీసుకొస్తున్నాడు. కింద నుంచి మామూలు కేక వచ్చింది. "వాళ్లిద్దరూ దారిలో ఉన్నారండీ" అన్నాను. కిందికి చూస్తే ఆవిడ అప్పటికే గంజులో నీళ్లు పారబోస్తున్నారు.

మొదటి రాయి రేకుల మీద పడింది. ఆ తర్వాత అరిస్తే తప్ప మాట వినపడలేదు. నిమ్మకాయలంత రాళ్లు. చూస్తుండగానే గలీ తెల్లబడింది. ఎదురు మేడల బాల్కనీల్లో జనం ఫోన్లు పట్టుకుని "కశ్మీర్! కశ్మీర్!" అని ఈలలు వేస్తున్నారు. నా ఫోను మోగింది. "గలీ మొదట్లో ఉన్నాం, బండి జారింది, పాప..." అంతే, లైను పోయింది.

నేనెలా మెట్లు దిగానో తెలియదు. గేటు దాటి రెండో అడుగులోనే జారి కూలబడ్డాను. మడమ మెలిపడింది. పెద్దమ్మ నన్ను రెక్క పట్టుకుని గేటు లోపలికి లాగారు.

"నా పాపండీ..."

"తెల్సు. నువ్వు ఉరుకుతవ్, ఉరికితే జారుతవ్. దీని మీద కాలు ఎత్తొద్దు, ఈడ్సుకుంట నడవాలె. ఈడనే ఉండు."

గంజు నెత్తిన బోర్లించుకుని ఆవిడ బయల్దేరారు. కాసేపటికి మనిషి కనపడలేదు, గంజు మీద రాళ్లు పడే చప్పుడు మాత్రం వినపడింది, టంగ్ టంగ్ అని. అది దూరమైంది. తర్వాత అదీ లేదు. గేటు ఊచలు పట్టుకుని ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించాను. నేను మొక్కని దేవుడు లేడు. మేడ మీది ఈలలు వింటుంటే, అక్కడికి వెళ్లి ఒక్కొక్కరి ఫోనూ నేలకేసి కొట్టాలనిపించింది.

మళ్లీ టంగ్ మని వినిపించింది. తెల్లటి గలీలో గంజు నడిచి వస్తోంది, దాని కింద రెండు చిన్న కాళ్లు, బడి బూట్లతో. పక్కన పెద్దమ్మ, నెత్తిన ఒట్టి కొంగుతో, ఒక చేత్తో గంజును అదిమి పట్టుకుని ఉన్నారు. వెనకాల హెల్మెట్‌తో మా ఆయన కుంటుతున్నాడు. బండి పడ్డాక ఇద్దరూ పంక్చర్ షాపు పరదా కింద నక్కారట, ఆ పరదా చిరిగిపోతున్న వేళకు ఈవిడ వెళ్లారట.

గంజు ఎత్తి చూస్తే పాప పొడిగానే ఉంది. తెల్ల యూనిఫాం మీద మాత్రం అంచుల్లోంచి మసి నీళ్లు కారాయి. పెద్దమ్మ నుదురు బొప్పికట్టి చీరుకుపోయింది. ఆవిడ అరుగు మీద కూర్చుని, ఊపిరి తీసుకుని, అడిగిన మొదటి మాట, "అందరు ఇంట్లకొచ్చిండ్రా?"

ఆవిడ కాళ్లు పట్టుకుని ఏడ్చాను. "గట్లేడుస్తరా, పోయి నీ కాలుకు పసుపు పెట్టుకో" అని కసిరారు. ఆ సాయంత్రం 'మన ఊళ్లో మంచు' అని అందరూ పంపుకున్న వీడియోలో ఒక మూల గంజు కూడా ఉంది. చాలామంది నవ్వే బొమ్మలు పెట్టారు. నేనైతే ఇప్పటికీ దాన్ని చప్పుడు లేకుండా చూడలేను. ఆ యూనిఫాం మసి ఎన్ని ఉతుకులకూ పోలేదు, పారేయబుద్ధీ కాలేదు.

ఆదివారం ఆవిడకు ఆఖరి స్నానానికి వాకిట్లో నీళ్లు కాచారు. ఎవరో బంధువు, "ఈ సొట్టల గంజేంది, మంచిది లేదా?" అంది. కోడలు గంజును పొయ్యి మీంచి దించలేదు. స్నానం అయ్యాక పాడె ఎత్తబోతూ కులపెద్ద చుట్టూ చూసి, "అందరు వచ్చిండ్రా?" అని అడిగాడు. అందరం గేటు వైపు చూశాం.

పాడెతో వాళ్లు గలీ మలుపు తిరిగాక వాకిట్లో నేనూ పాపా మిగిలాం. వెళ్లేముందు ఎవరో గంజును కుళాయి పక్కన బోర్లించి, మీద చెంబుడు నీళ్లు చల్లారు. సొట్ట సొట్టలో కాసిని నీళ్లు నిలిచి ఉన్నాయి. పాప గంజు ముందు కూర్చుని ఒక్కో సొట్టలో వేలు పెట్టి చూస్తోంది.

"అమ్మా, వీటిల్లో నావి ఏవి, తాతవి ఏవి?"

నాకు తెలియదన్నాను. పాప మసి అంటిన వేలు తుడుచుకోకుండా, తర్వాతి సొట్టలో పెట్టింది.