గట్టక్క పట్టా

ఆ ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ పట్టాల మీద పేర్లు రాసే గుమాస్తాకి డిగ్రీ లేదు. ఇది గుట్టేమీ కాదు. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారంలోనే తెలిసిపోయేది. గట్టక్క అని పేరు పెట్టిందీ పిల్లలే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె ఈత కొలను గట్టు దాకా వచ్చి ఆగిపోతోంది మరి.

అంతా కాలేజీ పెట్టిన డాక్టరమ్మ చలవ. పడవ బోల్తా పడి ఆవిడ చెల్లెలు పోయిందట, ఒడ్డు పది గజాల దూరంలో కనబడుతుండగా. దాంతో సాహిత్యం, చరిత్ర, తర్కం, సంగీతం, ఏది చదివినా సరే, కొలను ఈ చివర నుంచి ఆ చివరికి గట్టు ముట్టుకోకుండా వెళ్ళిన పిల్లకే పట్టా ఇవ్వాలని రాసిపెట్టింది. ఎనభై నాలుగేళ్ళలో ఎందరు ప్రిన్సిపాళ్ళు మారినా ఆ ఒక్క వాక్యం జోలికి ఎవరూ పోలేదు.

గట్టక్క తర్కంలో క్లాసు ఫస్టు. నీళ్ళలో మూడుసార్లు ఫెయిలు. ముక్కులోకి నీళ్ళు పోగానే చెయ్యి దానంతటదే గట్టు పట్టేసుకునేది. వచ్చే ఏడు చూద్దాంలే, ఈలోగా ఖాళీగా ఎందుకని ఆఫీసులో గుమాస్తాగా చేరింది. తర్వాత పెళ్ళి, కాన్పు, ఇంటి పని, ఆఫీసు పని. వచ్చే ఏడు ఎప్పటికప్పుడు వచ్చే ఏడుగానే ఉండిపోయింది. కూతురు అదే కాలేజీలో చేరి, మొదటి నెలలోనే అవతలి గట్టెక్కి జడ పిండుకుంది.

ఈలోగా ఆడపిల్లలు మగపిల్లలతో కలిసి చదివే కాలేజీల వైపు మళ్ళారు. హాస్టల్ పై అంతస్తుకు తాళం పడింది, రెండేళ్ళకు కింది అంతస్తుకూ పడింది. సంగీతం గదిలోకి విరిగిన కుర్చీలు చేరాయి. చివరికి, ఊరి అవతలి పెద్ద కాలేజీలో కలిపేస్తున్నామని కాగితం వచ్చింది.

ఆ కాగితం పట్టుకునే రిజిస్ట్రార్ గట్టక్కను పిలిచాడు.

"అమ్మా, మీకో మంచి కబురు. ఒకటో తారీఖు నుంచి ఈ ఈత గొడవ ఉండదు. ఒక అర్జీ పడేయండి, మీ పట్టా వచ్చేస్తుంది."

"దాని మీద ఏ కాలేజీ పేరుంటుంది సార్?"

"వాళ్ళదే. ఇంకెవరిదుంటుంది?"

"నేనక్కడ చదవలేదు కదండీ."

"పట్టా అంటే పట్టాయే కదమ్మా! పేరు ఎవరిదైతేనేం?"

"పట్టాల మీద మన కాలేజీ పేరు మూడు దశాబ్దాలుగా రాస్తున్నదాన్ని సార్, నాకు పట్టింపే. మన కాలేజీకి ఇంకెన్ని రోజులుంది?"

"ఇరవై రెండు."

గట్టక్క అక్కణ్ణుంచి తిన్నగా కొలను దగ్గరికి నడిచింది. ఈత నేర్పే కోచ్ ఆమెతో కలిసి చదువుకున్న మనిషే. మెడలో విజిల్ వేసుకుని నీళ్ళలోంచి ఆకులు తీస్తోంది.

"ఏమే, నాకు ఈత నేర్పుతావా?"

"ఎప్పణ్ణుంచో రమ్మంటూనే ఉన్నానుగా! నువ్వే మొహం చాటేస్తున్నావు."

"వెల్లకిలా తేలుతూ పోతే ఒప్పుకుంటావా? ముక్కు పైకి ఉంటే నీళ్ళు పోవు కదా."

"ఒప్పుకోకేం? ఎలా వెళ్ళాలో డాక్టరమ్మ చెప్పలేదు. ఇంత చిన్న విషయం తట్టడానికి ఇన్నేళ్ళా? నువ్వేం తర్కం చదివావే తల్లీ!"

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే పాఠం. మొదటి వారం కోచ్ అరచేయి వీపు కింద ఉంటేనే తేలింది. రెండో వారం ఆ చెయ్యి ఎప్పుడు తీసేసిందో తెలియలేదు. తెలిసిన మరుక్షణం మునిగింది. మూడో వారానికి సగం కొలను దాటగలిగింది. అంతకు మించి ఒక్కసారీ పోలేదు.

"ఈ వయసులో నీకీ నీళ్ళాటేమిటే?" అంది అత్తగారు. "మునిగితేనో?"

"మునిగితే కబురొస్తుంది లెండి అత్తయ్యా."

"కబురెందుకు, నేనే వస్తా."

అన్నట్టే ఆఖరి రోజున గొడుగేసుకుని వచ్చి, గట్టు మీద కుర్చీ వేయించుకుంది. రిజిస్ట్రార్ సాక్షిగా రిజిస్టరుతో నిలబడ్డాడు.

గట్టక్క వెల్లకిలా పడుకుని కాళ్ళు ఆడించింది. కోచ్ గట్టు వెంబడే నడుస్తోంది. సగం దాకా బాగానే సాగింది. అక్కణ్ణుంచి మనిషి పక్కకు వాలిపోసాగింది.

"ఎడమకి పోతున్నావే! కుడికి రా, కుడికి!"

పడుకున్న మనిషికి కుడేదో ఎడమేదో అర్థం కాలేదు. కంగారులో తలెత్తింది. గుటుక్కున నీళ్ళు మింగింది, ముక్కులోకీ పోయాయి. గట్టు జానెడు దూరంలో ఉంది. చెయ్యి దానంతటదే లేచింది.

"పట్టుకోవే, పట్టుకో! పట్టా లేకపోతే పీడాపాయె!" అని అత్తగారు గొడుగు చాచింది.

"పట్టుకున్నావో, ఇంక ఇంటికే!" అంది కోచ్.

గట్టక్క రెండు చేతులూ గుండెల మీద కట్టేసుకుంది. దాంతో మునిగింది. మళ్ళీ తేలింది. దగ్గుతూనే తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని కాళ్ళు ఆడించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత కోచ్ ఏమరిచిందో, అత్తగారు ఎవర్ని తిట్టిందో ఆమెకు వినబడలేదు. ఎంతసేపటికో నడినెత్తి ఠప్పున దేనికో తగిలింది. కళ్ళు తెరిచి చూస్తే, అవతలి గట్టు.

కోచ్ చెవులు చిల్లులు పడేలా విజిల్ ఊదింది.

రిజిస్ట్రార్ రిజిస్టరు తెరిచి, కాసేపు కలం ఆడించాడు. ఆ పేజీలో పిల్లలందరి సమయాలూ సెకన్లలోనే ఉన్నాయి.

"పదకొండు నిమిషాల నలభై సెకన్లండీ," అన్నాడు మొహమాటంగా. "ఈ గడి ఖాళీ వదిలేద్దామా?"

"ఎందుకు వదలడం? దొంగతనంగా దాటానా?" గట్టక్క నెత్తి తడుముకుంటూ అంది. "రాయండి సార్. సెకన్లతో సహా రాయండి."