తలుపు పక్కన పదిహేడో నంబరు

నేను రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, ఒక జనవరి మొదటి వారంలో, సింగపూర్‌లోని ఒక శీతల ఉద్యానంలో ఆపిల్ రకాల పరిశీలన నాకు అప్పగించారు. అప్పుడు నేను సీనియర్ హార్టికల్చర్ ఆఫీసర్ని. అద్దాల కప్పు కింద ఏసీతో చల్లబరిచిన మందిరంలో చలిదేశపు పెరటి తోట ఒకదాన్ని ప్రదర్శనకు పెట్టాలని పైవాళ్ల ఆలోచన. ఆ పెరట్లో ఏ ఆపిల్ ఉండాలో తేల్చడం నా పని.

పోటీలో మూడు రకాలు. అన్నా, డోర్సెట్ గోల్డెన్ అనేవి తక్కువ చలితోనే పూతకొచ్చే పాత రకాలు. మూడోదానికి ఇంకా పేరు లేదు, పదిహేడో నంబరు అనేవాళ్లం. దాన్ని తెచ్చింది కవిత, మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. ఎన్నో మొలకల్లోంచి ఏరి, చెట్టును పొట్టిగా ఉంచే వేరుమొక్క మీద తానే అంటుకట్టింది. ఒక్కో రకానికి నాలుగు కుండీలు. పదిహేడు ఎంపికైతే ఆమె ప్రాజెక్టు మరో రెండేళ్లు సాగుతుంది. కాకపోతే జూన్‌తో ముగుస్తుంది. ఈ సంగతి నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

ఆపిల్ చెట్టుకు నిద్ర కావాలి. ఆకులు రాల్చి కొన్ని వందల గంటలు చలిలో ఉంటేనే పూమొగ్గ విచ్చుకుంటుంది. వాటిని చలి గంటలు అంటాం. సింగపూర్‌లో చలికాలం లేదు కాబట్టి మేమే ఆకులు దూసి, కుండీలను చల్లగాలి ఊదే బ్లోయర్ ఉన్న చలి గదిలో పెట్టి, గోడకున్న సెన్సార్ చూపే ఉష్ణోగ్రతను బట్టి ఆ గంటలు లెక్కవేసేవాళ్లం.

రకాలను పోల్చేటప్పుడు కుండీలను కలగలిపి పెట్టాలి. ఒక రకమంతా ఒకేచోట ఉండకూడదు. కొత్తగా చేరినవాళ్లకు ఏళ్ల తరబడి నేను చెప్పిన పాఠమే ఇది. అయినా ఆ జనవరిలో, పైఅధికారులు చూడ్డానికి వస్తున్నారని, లేబుళ్లు సులువుగా చదువుకుంటారని, మా చర్చి సంఘంలో మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చున్నట్టు రకాలవారీగా వరుసలు కట్టించాను. పదిహేడుకు తలుపు పక్క వరుస వచ్చింది. ప్రదర్శనకు తెచ్చే పూల పెట్టెలు కూడా అదే గదిలో ఉండేవి. పగలంతా ఎవరో ఒకరు తలుపు తీస్తూనే ఉండేవారు.

రెండో వారంలోనే కవిత అడిగింది. "అంకుల్, వాళ్లొచ్చి చూసి పోయినారు కదా. కుండీలు కలిపేద్దామా? మావి వాకిట్లో కూర్చోబెట్టినట్టుండాయి."

"గదంతా ఒకటే చలమ్మా. సెన్సార్ చూడు," అన్నాను.

మా ఫోర్‌మన్ ముత్తు ఇక్కడే పుట్టి పెరిగిన తమిళుడు. "బ్లోయర్ పక్కన సెన్సార్, ఆల్వేస్ కూల్ లా, సార్," అని సింగపూర్ యాసలో అని నవ్వాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను.

ఏప్రిల్‌లో కుండీలను అద్దాల మందిరంలోకి తెచ్చాం. అన్నా, డోర్సెట్ గోల్డెన్ గుత్తులుగా పూశాయి. పదిహేడుకు కొమ్మల చివర నాలుగు ఆకులు వచ్చాయి, పూత లేదు. ఇంకొక్కసారి చలిలో పెట్టి చూద్దామని కవిత గడువడిగింది. ప్రదర్శన ఆలస్యమవుతుందని కాదన్నాను. ఆ ఆదివారం పుంగ్గోల్ పేటలో జరిగే మా ప్రార్థన కూటంలో, బైబిల్లో కాయని చెట్టుకు మరో ఏడాది గడువడిగిన తోటమాలి గురించి వాక్యం చెప్పింది నేనే. సోమవారం, పదిహేడో నంబరు చల్లని పెరటి తోటకు తగదని నివేదిక రాసి, తొలగింపు పత్రం మీద సంతకం పెట్టాను. పరిశీలన కోసం తెచ్చిన మొక్కలను తీసేస్తే కాల్చెయ్యాలన్నది మా నిబంధన. నాలుగూ కాల్చేశారు. ఆ రకం మరెక్కడా లేదు.

ఆగస్టులో బ్లోయర్ మరమ్మతు జరిగాక, ముత్తు తనంతట తానే తలుపు పక్కన ఒక థర్మామీటర్ తగిలించాడు. గోడ సెన్సార్‌కన్నా ఐదు డిగ్రీలు ఎక్కువ చూపింది. మూడు రోజులు గమనించాం. తలుపు కదిలే వేళంతా అంతే. అంత వెచ్చగా ఉంటే ఆ గంట చలి గంటగా లెక్కకు రాదు. మేం రాసుకున్న చలి గంటల్లో సగం కూడా పదిహేడుకు అంది ఉండవు. అది మంచి రకమో కాదో నాకు తెలియదు, ఇక ఎవరికీ తెలిసే దారి లేదు. సవరణ రాసి ఫైలుకు జతచేశాను. అప్పటికే కవిత ప్రాజెక్టు ముగిసిపోయింది. మొక్కలు దిగుమతి చేసే ఒక కంపెనీలో కాగితాలు చూసే ఉద్యోగంలో చేరింది.

ఆ వారమే మోకాళ్లూని దేవుణ్ణి క్షమాపణ అడిగాను. ఆమెను అడగడానికి యూ టీ అనే పేటలో వాళ్ల ఫ్లాట్‌కు వెళ్లేసరికి ఏడాది దాటింది. జరిగిందంతా చెప్పాను. థర్మామీటర్ ఏ ఎత్తున కట్టారని అడిగింది. కుండీల ఎత్తునే అన్నాను.

"వదిలేయండి అంకుల్. ఒక్కటి మాత్రం చేయండి. ఆ రిపోర్టులో మీ పేరు కింద నా పేరు గూడా ఉండాది. దాన్ని తీసేయించండి."

మూసేసిన ఫైల్లో పేరు తీయడం కుదరదని, సవరణ జతపరచడం వరకే వీలని చెప్పాను.

"అయితే టీ తాగి పోండి," అంది.

రకాలను పోల్చేవాడు ముందు వాటిని నిలబెట్టిన చోట్లను పోల్చాలి. ఎవరైనా అనుమానం చెబితే ఆ రోజే కుండీ జరపాలి, దానికి పది నిమిషాలు చాలు. ఇది వృత్తి నేర్పింది. అన్యాయం చేసినవాడు మొదట ఆ మనిషి దగ్గరికి వెళ్లి, ఆ తర్వాతే దేవుడి ముందు నిలబడాలన్నది చిన్నప్పుడే నేర్చుకున్నాను, పెద్దయ్యాక ఎందరికో బోధించాను. నా వంతు వచ్చినప్పుడు సులువైన చోటికి ముందు వెళ్లాను.