ఆ ఫ్రెంచి ఆవిడకు నేను కలిపిన వరస

ఆ రోజుల్లో ఆర్మూరు నుంచి హైదరాబాదుకు డిగ్రీ చదవడానికి పోయిన మాలాంటి వాళ్లకు ఫ్రెంచి మీద ఉన్న ప్రేమ అంతా ఇంతా కాదు. తెలుగులో ఎంత రాసినా పడని మార్కులు ఫ్రెంచిలో ధారాళంగా పడతాయని ఎవరో చెప్పగా విని, ద్వితీయ భాషగా తీసుకుని, గైడు బట్టీపట్టి గట్టెక్కేవాళ్లం. (నాకు వచ్చిన ఫ్రెంచి మొత్తం పేరు చెప్పుకుని మంచినీళ్లు అడగడానికి సరిపోతుంది.) ఈ సంగతి తెలియని మా మేనమామ, పసుపు మార్కెట్‌లో సరుకు అమ్మిపెట్టే తన అడ్తి దుకాణానికి వచ్చిన ప్రతి రైతుకూ "మా అల్లునికి ఫ్రెంచి మస్తు వస్తది" అని చెప్పేవాడు. అలా విన్నవాళ్లలో అంకాపూర్ నుంచి పసుపు తెచ్చే ఒకాయన, తన కూతురికి నన్ను చూద్దామన్నాడు.

పెళ్లిచూపులకు పోయాం. ఆ పిల్ల చాయ్ ఇచ్చి, నన్ను ఒక్కసారి నిదానంగా చూసి, వంటింటి గడప దగ్గర నిలబడింది. అంతే, నా పని అయిపోయింది. ఈ సంబంధం తప్పిపోతే ఇక బతుకే లేదనిపించింది. (ఆ వయసులో అలాగే అనిపిస్తుంది.) అంతలో దుబాయి నుంచి వచ్చిన ఆమె చిన్నాన్న, కొత్త వీసీఆర్ మాకు చూపించాలన్న ముచ్చటతో, దానితోపాటు తెచ్చిన క్యాసెట్ ఒకటి పెట్టాడు. తీరా చూస్తే ఫ్రెంచి సినిమా! ఆయన తీసేయబోతే మా మేనమామ ఊరుకుంటేనా? "ఉండనియ్యుండ్రి! మావోడు ఉండంగ ఫికరెందుకు? ఒక్కొక్క ముక్క తెలుగుల చెప్తడు."

సినిమాలో ఒక మగాడు, ఇద్దరు ఆడవాళ్లు. ఒకావిడ తళుకుబెళుకులతో కారులో తిరుగుతుంటుంది, కెమెరా అంతా ఆవిడ వెంటే. రెండో ఆవిడ ఇంట్లోనే ఉంటుంది, పెద్దగా మాట్లాడదు. ముందు కూర్చున్న పిల్ల నాయనమ్మ "గామె వానికేమైతది కొడుకా?" అని అడిగింది. వరస తెలియందే మనవాళ్లకు కథ ముందుకు పోదు కదా! కారు ఆవిడను పెళ్లాన్ని చేశాను. ఇంట్లో ఆవిడను, ఏ గొడవా ఉండదని, చెల్లెల్ని చేశాను.

కాసేపటికి ఆ మహానుభావుడు ఇంటికొచ్చి, నేను చెల్లెలన్న ఆవిడను దగ్గరికి తీసుకుని మూతి మీద ముద్దు పెట్టాడు.

"థూ! చెల్లె అంటివి గదరా!" అని నాయనమ్మ లేచి నిలబడింది. మా మేనమామ టీవీకి అడ్డం పోయి, భుజం మీది తువ్వాల రెండు చేతులా చాపి పట్టుకున్నాడు. పిల్ల తండ్రి నావైపు గుర్రుగా చూశాడు. అయిపోయింది, ఇక చెప్పులు వెతుక్కోవడమే అనుకున్నాను.

అప్పుడు గడప దగ్గర నుంచి ఆ పిల్ల గొంతు వినిపించింది. "చెల్లె కాదు నాయనమ్మా, పెండ్లాం. పొద్దుగాల వాని అంగీకి గుండీలు ఎవలు పెట్టిన్రు? గా కారామె గ్లాసు కోసం అల్మారలన్ని తెరిచింది. ఈమె చూడకుంటనే తీసిచ్చింది. ఇల్లు ఎవలిదో తెలుస్తలేదా?"

"అవ్ గదనే!" అని నాయనమ్మ కూలబడి, "ఓ అడ్తి సేటూ, జర పక్కకు జరుగు!" అంది. ఆ తర్వాత కారు ఆవిడను పట్టించుకున్నవాళ్లు లేరు. ఆ సినిమా తీసినవాళ్లు కూడా సరిగా పట్టించుకోని ఆ రెండో ఆవిడను అంకాపూర్‌లో మేమందరం కళ్లప్పగించి చూశాం. ఎంత గొప్పగా చేసిందో! చివర్లో మొగుడు వెళ్లిపోతుంటే ఏడవలేదు, అరవలేదు. చలికి మెడకు చుట్టుకునే అతని గుడ్డను మడతపెట్టి కారు ఆవిడ చేతికిచ్చింది. తలుపు వేసింది. వచ్చి కూర్చుని, ప్లేటు దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది. ఆ నమలడంలోనే ముద్ద గొంతుకు అడ్డం పడటం, మింగడం, అన్నీ కనిపించాయి. నాయనమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ "సూడు, బువ్వ మీద అలగలే. గట్టి మనిషి!" అంది.

టీవీ ఆపాక పిల్ల తండ్రి నన్ను పసుపు ఆరబోసిన వాకిట్లోకి పిలిచాడు. "పిలగా, నిజం చెప్పు. నీకు గా భాష వస్తదా?"

"రాదండీ" అన్నాను, తల వంచుకుని.

ఆయన పకపకా నవ్వాడు. "నాకు ఎర్కే. గంత సేపు చెప్పినవు, ఒక్క అబద్ధమన్న కుదరలే. పర్వలేదు, నా బిడ్డకు ఫికర్ లేదు." అమ్మయ్య! గుండె మీది పసుపు బస్తా దింపినట్టయింది.

ఆ నటి పేరు చివర్లో ఎక్కడో చిన్న అక్షరాలతో వచ్చే ఉంటుంది. నేను చదవలేదు, ఆ టైములో గడప వైపు చూస్తున్నాను. ఇప్పటికీ ఏ సినిమా చూస్తున్నా, తెలుగుదైనా సరే, పక్కనున్న మా ఆవిడ వైపు వంగి "ఆమె వానికేమైతది?" అని అడుగుతుంటాను.