వీధివైపు తిరిగిన చెప్పులు

వానాకాలం వచ్చిందంటే రంగూనులో చెప్పులకు బూజు పడుతుంది, గొడుగు పిడికీ బియ్యం డబ్బా మూతకీ దేవుడి పటాల వెనక గోడకీ అన్నిటికీ ఒకటే చెమ్మ వాసన పట్టుకుంటుంది. అందరూ యాంగోన్ అంటున్నా మా తెలుగువాళ్ల ఇళ్లలో ఇప్పటికీ రంగూననే అంటాం. ఈ ఏడు మాత్రం మా మూడో అంతస్తు గుమ్మం దగ్గర, ఆ చెమ్మ వాసన మధ్యలోంచి, అప్పుడే చెక్కిన దేవదారు చెక్క వాసన వస్తోంది. అక్కడొక చెక్కచెప్పుల జత ఉంది. మగవాళ్ల కొలత, వెడల్పాటి పాదం, నల్లగుడ్డ పట్టీలు. మునివేళ్ల వైపు ఇంట్లోకి తిరిగి ఉంటాయి. నేను ఒంటరిదాన్ని. ఎదురింటి డో మ్యా వాటిని చూసి, చుట్టాలెవరైనా వచ్చారా అని బర్మా మాటల్లో అడిగింది. ఎవరూ రాలేదన్నాను. మరి ఎవరివని అడిగితే, వానజల్లు లోపలికి కొడుతోందని చెప్పి కిటికీ మూయడానికి వెళ్లిపోయాను. ఆవిడకి జవాబు చెప్పాలంటే జపానులోని ఒక నది ఊళ్లో మొదలుపెట్టి, యాభై ఏళ్ల కిందటి మా మామ్మ ఇంటిదాకా నడవాలి. మోకాళ్ల నొప్పులతో అంత దూరం ఎవరితోనూ నడవలేను నేను.

నా చెల్లెలి కూతురు నీల జపానులో, ఫుకువోకాలో ముసలివాళ్ల ఆశ్రమంలో పని చేస్తుంది. మొన్న జూన్‌లో నన్ను రప్పించుకుని, రెండు రోజులు సెలవు పెట్టి హితా అనే ఊరికి తీసుకెళ్తానంది. నది ఊరు, పాత వీధులు, నదిలోని చేప, చాపల మీద పడక, నీకు నచ్చుతుంది పెద్దమ్మా అని నెల రోజులు ఊరించింది. తీరా రేపు బస్సెక్కుతామనగా ఫోను పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

"పెద్దమ్మా, డ్యూటీ మారిపోనాది. రూం బుక్ అయిపోనాది, నువ్వెల్లు. అడ్రసు రాసిస్తాను."

ఆ పిల్ల ముఖం చూసి కాదనలేకపోయాను. మింగళాడోన్ విమానాశ్రయంలో విమానం ఎక్కడమే నా జన్మకి మొదటిసారి, ఇక భాష రాని ఊళ్లో ఒక్కదాన్నే రెండు రాత్రులు. చేతిసంచిలో నాలుగు చీరలూ, ఇంటినుంచి తెచ్చుకున్న ఎండురొయ్యల పొడి సీసా ఒకటీ పెట్టుకుని వెళ్లాను.

హితా ఊరు నది పక్కన ఉందనడం కంటే నది పక్కకి జరిగి ఊరికి చోటిచ్చిందనడం సబబు. నీళ్లు తేటగా, తొందర లేకుండా, బొట్టంత మురికైనా లేకుండా పారుతుంటే, బురదరంగు రంగూను నదిని చూసి పెరిగిన నాకు అది నదేనా అని అనుమానం వచ్చింది. ఒడ్డునే వరసగా బసలు. నాకిచ్చిన మేడగదిలో నేలంతా గడ్డిచాప, కొత్త చాప వాసన. కిటికీ తీస్తే కింద కట్టేసిన పడవలు ఒకదానికొకటి ఒరుసుకుంటూ కిర్రుమంటున్నాయి. సాయంత్రం భోజనానికి ఉప్పు రాసి నిప్పుల మీద కాల్చిన నదిచేప పెట్టారు, పుల్లకి గుచ్చినప్పుడు ఒళ్లు వంచారేమో ఇంకా ఈదుతున్నట్టే ఉంది. కాల్చిన తోలు కింద లేత దోసకాయ వాసన. చేపకి దోసకాయ వాసనేమిటని ఆశ్చర్యపోయి, పక్కకి తిరిగి ఎవరితోనైనా చెప్పబోయాను. పక్కన ఎవరున్నారు గనక? చుట్టూ జంటలు, పిల్లల తల్లులు, గట్టిగా నవ్వే స్నేహితుల గుంపు ఒకటి. నా బల్ల మీద ఒక గిన్నె, ఒక గ్లాసు, ఒక జత తినే పుల్లలు. ఆ చేపని తల నుంచి తోకదాకా ముల్లు మిగిల్చి తిన్నాను, మాట్లాడే పని లేనప్పుడు తిండి ఎంతసేపైనా సాగుతుంది. అన్నంలోకి మాత్రం చప్పగా అనిపించి, గదిలోకి వెళ్లి ఎండురొయ్యల పొడి రెండు వేళ్లతో నాలిక మీద వేసుకున్నాను.

మర్నాడు పొద్దున్న ఊరు చూద్దామని కిందికి దిగేసరికి గుమ్మంలో నా చెప్పులు వీధివైపు తిరిగి ఉన్నాయి. నేను విడిచినప్పుడు ఇంట్లోకి తిరిగి ఉన్నవి. ఇప్పుడు రెండూ ఒకదాని పక్కన ఒకటి, మడమలు కలిపి, చక్కగా, వీధివైపు.  ఆ చెప్పుల అర్థం ప్రపంచంలో ఇంకెవరికీ తెలియకపోయినా నాకు తెలుసు. మా మామ్మ ఇంట్లో పెరిగినదాన్ని.

మా మామ్మది రంగూనులోనే పబేడాన్ పేటలో, నదివైపు దిగే వీధిలో, చెక్కమెట్ల పాత ఇల్లు. విశాఖపట్నం నుంచి ఓడలొచ్చే రోజుల్లో దిగినవాళ్లందరికీ అదే మొదటి బస అట. నాకు ఊహ తెలిసేసరికి ఓడలూ లేవు, మా వాళ్లలో సగం మంది తిరిగి వెళ్లిపోయారు కూడా. మౌల్మీన్ నుంచో బసీన్ నుంచో వచ్చే బట్టల వర్తకులు, ఆసుపత్రి పని మీద వచ్చినవాళ్లు, రేవులో పనిచేసి దిగిపోయి ఎటూ వెళ్లని ముసలివాళ్లు, వీళ్లే మా చుట్టాలు, మామ్మని అందరూ అక్క వరసలో అప్పా అని పిలిచేవారు. పొద్దున్నే కుంపటి మీద అన్నం ఉడికే వాసన, వీధిలోంచి ఉడికిన బఠానీలమ్మే ఆవిడ కేక, వసారాలో చుట్టచుట్టి నిలబెట్టిన చాపలు, ఆ చాపల మధ్య మేం పిల్లలం ఆడే దాగుడుమూతలు, దొరికిపోయినవాళ్ల మీద పడి దొర్లుకుంటూ వచ్చే చాపలు, వాటి వెనకే గరిటెతో వచ్చే మామ్మ. వచ్చిన మనిషి కాళ్లకి నీళ్లు, కడుపుకి బువ్వ. ఎన్నాళ్లుంటావని అడగడం మామ్మ నోట ఎవరూ వినలేదు. వెళ్లమని అనడం కూడా వినలేదు. వెళ్లాల్సిన మనిషి ఇంకా వెళ్లకపోతే, అతను పెరట్లో స్నానం చేస్తుండగా మామ్మ వెళ్లి అతని చెప్పులు వీధివైపు తిప్పి పెట్టేది, అంతే. ఒకసారి మౌల్మీన్ వర్తకుడొకడు తాగొచ్చి వసారాలో వాంతి చేసుకుంటే మర్నాడు పొద్దున్నే ఆ పని జరిగింది. అతను తడితలతో వచ్చి చెప్పులు చూసుకుని, మూట కట్టుకుని, "అప్పా, ఎల్లొస్తాను" అని దణ్ణం పెట్టి మెట్లు దిగాడు. మామ్మ పప్పన్నం మూట చేతిలో పెట్టి పంపింది. మాట లేదు, రచ్చ లేదు, ఎవరి పరువూ పోలేదు. ఆ పద్ధతి ఎంత గొప్పదో అని వీధిలో చెప్పుకునేవారు. నేనూ గర్వపడేదాన్ని.

వెనక గదిలో సూరన్న తాత ఉండేవాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు. రేవులో మూటలు మోసి మోసి పాదాలు వెడల్పయిపోయిన మనిషి, టైరు ముక్కతో తనే కుట్టుకున్న చెప్పులు వేసుకునేవాడు, వీధి మలుపులో ఉండగానే వాటి చప్పుడు మాకు వినపడేది. సాయంత్రాలు నన్ను రేవుకి తీసుకెళ్లి, చలికాలం మొదట్లో ఎక్కడినుంచో వచ్చి వాలే తెల్లపిట్టలకి రొట్టెముక్కలు ఎగరేయించేవాడు. నదికి అవతల డలా ఊరు కనిపించేది. "దీపావలి ఎల్లనీ గుంటా, పడవెక్కించి అద్దరికి తీసికెల్తాను" అనేవాడు. ఆ మాట నేను రోజుకి నాలుగుసార్లు చెప్పించుకునేదాన్ని.

ఆ దీపావళికి నాకు ఎనిమిదేళ్లు. దివిటీలు కొట్టడానికి గోగుకాడలు కావాలి కదా, బర్మావాళ్లు కూడా గోంగూర బాగా తింటారు గనక కూరలమ్మే ఆవిడే ముదురు కాడలు తెచ్చిపెట్టేది. మామ్మ మడి కట్టుకుని బూరెలు వండి గంపలో పెట్టి, పైన అరిటాకు కప్పింది. పెద్దలకి పెట్టేదాకా ఎవరూ ముట్టకూడదు. నేను ముట్టాను. ఒకటి కాదు, రెండు. వేడి పూర్ణం నాలిక మీద కాలుతుంటే గంప వెనక కూర్చుని మింగేశాను. సూరన్న తాత చూశాడు. ఆయనకి అబద్ధం రాదు. మామ్మ లెక్క తగ్గిందేమని అడిగితే చెప్పేశాడు.

"గుంట తినీసినాదప్పా. సిన్నపిల్ల, ఏటనకు."

మామ్మ అనకుండా ఊరుకోలేదు. తిండికి కక్కుర్తి పడి పెద్దల నోటికాడ కూడు లాక్కున్నానని అందరి ముందూ అంది, సాయంత్రం దివిటీ పట్టుకోనివ్వలేదు. నా పక్కవీధి స్నేహితురాళ్లంతా గోగుకాడలకు గుడ్డ చుట్టి వెలిగించి నేలకేసి కొడుతుంటే నేను మేడమీద కిటికీ చువ్వల్లోంచి చూశాను. నాకు మామ్మ మీద కోపం రాలేదు. తాత మీద వచ్చింది. మర్నాడు పొద్దున్న ఆయన స్నానానికి వెళ్లగానే మెట్ల దగ్గరికి వెళ్లి, ఆ టైరు చెప్పులు రెండూ తీసి వీధివైపు తిప్పి పెట్టాను. తెలియక చేశాననుకుని నన్ను నేను సమాధానపరచుకుందామని ఎన్నోసార్లు చూశాను. కాదు, తెలిసే చేశాను. మడమలు కూడా కలిపి పెట్టాను, మామ్మలాగే.

ఆయన వచ్చాడు, చూశాడు. చాలాసేపు తల తుడుచుకుంటూనే ఉన్నాడు. మామ్మ వంటింట్లో ఉంది. లోపలికెళ్లి అడుగుతాడనుకున్నాను, కానీ మా ఇంట్లో ఆ సంగతి అడిగేది కాదు, అదే కదా దాని గొప్ప. గదిలోకి వెళ్లి దుప్పటీ, రెండు లుంగీలూ మూట కట్టుకున్నాడు. చాపల చాటున నక్కిన నన్ను చూసి, తల మీద చెయ్యి వేసి, మెట్లు దిగిపోయాడు. చెప్పుల చప్పుడు వీధి మలుపుదాకా వినపడింది. సాయంత్రానికి తిరిగొస్తాడులే అనుకున్నాను. మామ్మ ఆ రోజు, ఆ మర్నాడు కూడా ఆయన కంచం బోర్లించలేదు.

మళ్లీ వానలు వెళ్లాక ఇన్సేన్ రైలు కార్ఖానాలో పనిచేసే మనిషొకడు వచ్చి, సూరన్న తమ వరండాలోనే ఉండేవాడనీ, ఆ వానల్లో జ్వరమొచ్చి పోయాడనీ చెప్పాడు. మామ్మ అడిగింది.

"ఎందుకెలిపోనాడో ఏటైనా సెప్పినాడా?"

"ఏటీ లేదమ్మా. అప్ప సాలా కాలం పెట్టినాది, ఇంక సాలు అన్నాడు."

ఆనాటినుంచి ప్రతి దీపావళికీ పెద్దలకి పెట్టే ఆకు పక్కన మామ్మ ఇంకో చిన్న ఆకు వేసేది, రెండు బూరెలు పెట్టి, "ఏటి తక్కువ సేసినానే ఆ మడిసికి" అని తనలో తనే అనుకునేది. నేను పక్కనే ఉండేదాన్ని. ఏడాదికొకసారి చెప్పే అవకాశం చేతిదాకా వచ్చేది, ఏడాదికొకసారి నోరు మూసుకునేదాన్ని. పదేళ్లు అలా గడిచాయి. ఆఖరికి మామ్మ ఆ ప్రశ్న వెంటబెట్టుకునే పోయింది.

హితా బసలో గుమ్మం ముందు నిలబడ్డ నాకు ఇదంతా గుర్తొచ్చిందని చెప్పలేను, గుర్తు రావడానికి అది మరుపులో ఎప్పుడుంది? నేనేం తప్పు చేశానా అని మాత్రం ఆలోచించాను. ఎండురొయ్యల పొడి వాసన గదంతా పట్టిందనీ, అందుకే మర్యాదగా పొమ్మంటున్నారనీ తేల్చుకున్నాను. మేడెక్కి పక్క మడతపెట్టి, చీరలు సర్దుకుని, సంచితో కిందికి వచ్చి, యజమానురాలికి దణ్ణం పెట్టాను. నా కంటే పదేళ్లు పెద్దదేమో, సన్నగా, బూడిదరంగు బట్టల్లో ఉంది. ఆవిడ సంచి చూసి కంగారుపడిపోయింది. రెండు వేళ్లు చూపించింది, రెండు రాత్రులు కదా అని. నేను చెప్పులవైపు చూపించాను. ఆవిడకి అర్థం కాలేదు. ఫోను తెచ్చి అందులో తన భాషలో మాట్లాడితే ఫోను నాకు బర్మాలో చెప్పింది.

మీరు బయటికి వెళ్లేటప్పుడు వంగి తిప్పుకునే పని లేకుండా పెట్టాం, ప్రతి చుట్టానికీ అలాగే పెడతాం, మీరు తిరిగి వచ్చేదాకా చూస్తుంటాం.

నేను ఆ మెట్టు మీదే కూర్చుండిపోయి ఏడ్చాను. పరాయి ఊళ్లో, పరాయి గుమ్మంలో, అరవైకి దగ్గరపడ్డ మనిషిని, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆవిడ లోపలికి వెళ్లింది. చేదుగా ఉండే పచ్చటీ తెచ్చి నా పక్కన పెట్టి, కొంచెం ఎడంగా తనూ కూర్చుంది. అలా ఎవరైనా పక్కన కూర్చుని చాలా కాలమైంది.

ఆ మధ్యాహ్నం పాత వీధిలో నడుస్తుంటే చెక్కచెప్పులు చేసే దుకాణం కనిపించింది. ఆ ఊరి దేవదారుతో చేస్తారట. గుమ్మం దగ్గర చెక్కపొట్టు గుట్ట, లోపల వరసలు వరసలుగా చెప్పులు. మగవాళ్లవి చూపించాను. ఎంత కొలత అని అడిగితే తెలియలేదు, రెండు చేతులూ ఎడంగా పెట్టి, మూటలు మోసిన పాదం ఎంత వెడల్పుంటుందో చూపించాను. దుకాణదారు నవ్వి, వెతికి వెతికి ఒక జత తీశాడు.

మామ్మ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ చోట ఎనిమిది అంతస్తుల మేడ లేచింది, కింద ఫోన్ల దుకాణం. చెక్కమెట్లు లేవు, చాపచుట్టలు లేవు, ఒకరింటికి వచ్చి పదిరోజులు ఉండే మనుషులూ లేరు. వచ్చినా గుమ్మంలోనే మాట్లాడి వెళ్తారు. మా వీధిలో దివిటీలు కొట్టే పిల్లలు మిగల్లేదు. దీపావళికి నీల ఫోనులో కనిపించి బూరెలు చూపించమంటుంది, నేను కొనుక్కొచ్చిన రెండింటినీ ఫోను ముందు పెడతాను. సూరన్న తాత ఎవరో నీలకి తెలియదు. వాళ్లమ్మకి తెలుసు, మా చెల్లెలు పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు చెబుదామన్నా, ఆ మనిషి పేరు చెబితే ఓహో అనేవాళ్లు ఈ ఊళ్లో ఒక్కరూ లేరు.

ఈ పొద్దున్న మెట్లు ఊడ్చే ఆవిడ చీపురు తిరగడానికి అడ్డమని ఆ జతను జరిపి, మెట్లవైపు తిప్పి పెట్టి వెళ్లింది. తలుపు తీసి చూసి, గుమ్మం పట్టుకుని మెల్లిగా వంగాను. వానకి తడిసిన చెక్క చేతికి చల్లగా తగిలింది. రెండూ ఇంట్లోకి తిప్పి పెట్టి, ఎవరూ లేని మెట్లకేసి చూసి, మామ్మ పోయాక నా నోట రాని మాటల్లో అన్నాను.

"లోనకి రా తాతా. ఆ సెప్పులు తిప్పింది మామ్మ కాదు, నాను."