షాలేమ్ తాత ఎర్ర ట్యాగ్

భిలాయికి జనవరి నెల రావాలంటే మా తాత షాలేమ్ అనుమతి కావాలి. ఆయన నిచ్చెనెక్కి చర్చి గుమ్మం మీది క్రిస్మస్ నక్షత్రాన్ని దించేదాకా పాత సంవత్సరం పోదు, నిచ్చెన దిగేదాకా కొత్త సంవత్సరం గుమ్మం దాటదు. ఉక్కు కర్మాగారం కొలుములు ఒక పూట ఆరితే దేశం ఎలాగో బతుకుతుంది గాని, తాత చేతిలో ఇన్సులేషన్ టేపు అయిపోతే మాత్రం చలికాలం సగంలో ఆగిపోతుంది. ఈ మాటలు ఆయన నోటితో అనలేదు. అనకుండానే నలభై ఒక్క ఏళ్లుగా ఇలాగే నడుచుకుంటున్నాడు కాబట్టి ఆయన తరఫున నేను అనేస్తున్నాను.

తాతది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. ఇరవై రెండేళ్ల వయసులో రేకు పెట్టెతో రైలు దిగి, కర్మాగారంలో ఎలక్ట్రీషియన్‌గా చేరి, అరవై నిండాక బయటికొచ్చాడు. ఇప్పుడు డెబ్బై ఆరు. భిలాయిలోనే మరోదా సెక్టర్లో, మా ఇంట్లోనే ఉంటాడు. కర్మాగారం ఆయన్ని వదిలేసింది గాని, ఆయన దాన్ని వదల్లేదు. మా ఇంట్లో బల్బు మార్చాలన్నా ముందు ఒక ఉపన్యాసం వినాలి.

క్రిస్మస్ అంటే తాతకు చిన్నచూపు. డిసెంబరులో ఎవడైనా అలంకరిస్తాడంటాడు. బజారులో దొరికిన తళుకులన్నీ తెచ్చి గోడకు అతికించడానికి తెలివి అక్కర్లేదట. అసలు పనితనం క్రిస్మస్ వెళ్లిపోయాక తెలుస్తుందట. అందుకని జనవరి మొదటి వారంలో కొక్కెం కట్టిన వెదురు గడ ఒకటి పట్టుకుని వీధిలో తిరుగుతాడు, ఎవరింటి ముందు నక్షత్రం ఇంకా వేలాడుతోందో చూడ్డానికి. ఈ ఏడు పక్కింటి జెన్నీ ఆంటీ దొరికిపోయింది. వాళ్ల నక్షత్రం రంగు వెలిసి, ఒక కాలు విరిగి ఉంది. తాత గేటు దగ్గర నిలబడి, "యేసుప్రభువు పుట్టీసినాడు, నడక కూడా వచ్చీసినాది. నీ నక్షత్రం ఇంకా దారి చూపిస్తందేటే జెన్నీ?" అన్నాడు. ఆంటీ ఆ రోజే దించేసింది. వారం రోజులు మా ఇంటికి కూర పంపలేదు.

జనవరి మూడో శనివారం సాయంత్రం మా తెలుగు చర్చిలో కోత పండుగ జరుగుతుంది. కోయడానికి మాలో ఎవరికీ సెంటు పొలం లేదు. ముత్తాతలు కోశారు కాబట్టి మేమూ కోసినట్టే లెక్క. క్వార్టర్ల వెనక పెంచిన కాలీఫ్లవర్లు, టమాటాలు, జామకాయలు, ఎవరి పెరట్లోనో కాసిన ఒకే ఒక్క బొప్పాయి తెచ్చి, ఏదో పుట్ల కొద్దీ పండించినట్టు మొహాలు పెట్టి దేవుడి ముందు పేరుస్తాం. దేవుడికి ఓపిక ఎక్కువ.

ఆ పండుగ అలంకరణ తాతది. క్రిస్మస్ సామానులోంచి ఎరుపు, ఆకుపచ్చ, తళుకు తీసి పెట్టెలో పడేస్తాడు. తెల్లవి మాత్రం ఉంచుతాడు. చర్చి గుమ్మం మీది ఆరడుగుల వెదురు నక్షత్రానికి కాగితం ఊడదీసి, ఆ ఒట్టి చట్రానికి వరి కంకుల కుచ్చులు కడతాడు. పిట్టలు తినడానికి ఇళ్ల ముందు వేలాడదీసే కుచ్చులవి. దుర్గ్ బజారులో పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లు అమ్ముతారు. లోపల తెల్ల బల్బుల దండ వెలిగితే కంకులన్నీ అప్పుడే పండినట్టు కనిపిస్తాయి. బాగుంటుందని ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు. బాగుంటుంది.

ఈ ఏడు చర్చి కమిటీకి రవి కుమార్ కార్యదర్శి అయ్యాడు. ముప్పై నాలుగేళ్లవాడు, తాత పనిచేసిన విభాగంలోనే ఉద్యోగం, మా వీధిలోనే పెరిగాడు. కమిటీ కూర్చున్న రోజు ఫోన్‌లో ఒక టెంట్ హౌస్ వాడు పంపిన ఫొటోలు చూపించాడు. థర్మోకోల్ మంచు, నురగ చిమ్మే యంత్రం, ప్లాస్టిక్ దుప్పులు. వింటర్ థీమ్ అట. మే నెలలో రోడ్డు మీద తారు కరిగే ఊళ్లో మంచు కురిపించాలని తోచిన ఆ బుర్రను చల్లటి చోట దాచిపెట్టాలి. తాత ఆ ఫొటోల్ని కళ్లజోడు పెట్టుకుని చూశాడు, తీసేసి చూశాడు.

"ఈ దుప్పులు ఏ పంట తింటాయిరా?" అని అడిగాడు.

అందరూ నవ్వారు గాని రవి కుమార్ నవ్వలేదు. పోయిన ఏడు ప్రార్థన మధ్యలో లైట్లు పోయిన సంగతి, తాత నిచ్చెన మీద వణికిన సంగతి గుర్తు చేశాడు. చివరికి అందరి ముందూ ఒక మాట తేల్చాడు. "ఈ ఒక్కసారి నువ్వే చెయ్యి తాతా. దేఖో, చిన్న గడబడ్ అయినా సామాన్ల గది తాళంచెవి నాకు ఇచ్చెయ్యాలి. వచ్చే ఏటి నుంచి టెంట్ హౌసే."

తాత సరేనన్నాడు. ఆ తాళంచెవి ఆయన బనీనుకు పిన్నీసుతో వేలాడుతుంది. స్నానానికి వెళ్తే మేకుకు తగిలిస్తాడు, వచ్చి మళ్లీ గుచ్చుకుంటాడు. పెళ్లినాటి ఉంగరం ఎక్కడ పారేసుకున్నాడో గుర్తులేదు గాని ఈ చెవి మాత్రం పదిలంగా ఉందని మా నాన్నమ్మ సత్యవతి నలభై ఏళ్లుగా దెప్పుతోంది. అది పోతే తాత కూడా ఆదివారం వచ్చి, వెనక బెంచీ మీద దగ్గి, వెళ్లిపోయే ముసలాళ్లలో ఒకడవుతాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

ఇక ఎర్ర ట్యాగ్ గురించి చెప్పాలి. కర్మాగారంలో ఎవరైనా కరెంటు లైను మీద పనిచేసేటప్పుడు స్విచ్ ఆపి, దానికి తన పేరు రాసిన ఎర్ర బిళ్ల తగిలిస్తాడు. తగిలించినవాడే దాన్ని తీయాలి. పెద్ద ఆఫీసరు వచ్చినా సరే ముట్టకూడదు, ఎందుకంటే ఆ తీగ చివర ఒక మనిషి ప్రాణం ఉండొచ్చు. తాత ఉద్యోగంలో ఉన్నప్పుడే తన పేరు రాసిన పాత బిళ్ల ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు. చర్చిలో పని మొదలుపెట్టగానే, చర్చి మొత్తానికి కరెంటు ఇచ్చే స్విచ్ బోర్డుకు దాన్ని తగిలిస్తాడు. రవి కుమార్ ఎనిమిదేళ్లప్పుడు ఆడుకుంటూ దాన్ని ముట్టుకుంటే తాత వేళ్ల మీద స్కేలుతో కొట్టాడట. మొత్తం చర్చిలో అంతటి భయభక్తులు పది ఆజ్ఞలకు కూడా లేవు.

శనివారం మధ్యాహ్నం నాలుగింటికి పని అయిపోయింది. తాత అన్ని దండలూ వెలిగించి చూసుకుని, స్విచ్ ఆపి, స్నానం చేసి కోటు వేసుకొస్తానని ఇంటికి బయల్దేరాడు.

ఆరున్నరకల్లా చీకటి పడింది. శాలువాలు కప్పుకుని నూట యాభై మంది వచ్చారు. రవి కుమార్ స్విచ్ వేద్దామని బోర్డు దగ్గరికి వెళ్లాడు. ఎర్ర ట్యాగ్ వేలాడుతోంది. షాలేమ్, సంతకం, తారీకు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తర్వాత జరిగింది చూస్తే బయటివాళ్లకు మతి పోతుంది. ఒక్కొక్క మగవాడూ వచ్చి, ఫోన్ టార్చి వేసి, ట్యాగ్ చదివి, తలూపి, వెనక్కి వెళ్లాడు. సంఘ పెద్ద గణపతిరావు గారు రెండుసార్లు చదివారు, రెండోసారి ఇంకేమైనా రాసి ఉంటుందేమోనని. గుమ్మం మీద నిచ్చెన లేదు, మనిషి లేడు, కొనలు తేలిన తీగ లేదు. కళ్లకు కనిపిస్తూనే ఉంది. అయినా ఒక్కడికీ చెయ్యి రాలేదు. చదువుకున్న మందకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నేను చూడలేదు. కొత్తగా కాకినాడ నుంచి వచ్చిన పాస్టర్ గారు, దీనికి ఇంత ఆలోచనెందుకని స్విచ్ మీద వేలు పెట్టబోతే నలుగురు ఆయన మణికట్టు పట్టుకున్నారు. తాతకు ఫోన్ చేస్తే అది వేదిక మీద పనిముట్ల సంచిలోనే మోగింది. కాలీఫ్లవర్లు చీకట్లో చలికి వణుకుతున్నాయి. నేను స్కూటీ తీశాను.

ఇంట్లో తాత కోటు, బూట్లు, మఫ్లరు అన్నీ వేసుకుని కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పక్కన టీ చల్లారిపోయి ఉంది. నాన్నమ్మ అప్పటికే చర్చికి వెళ్లిపోయింది. భుజం కుదిపి సంగతి చెప్పాను. ఆయన చెయ్యి ముందు బనీను దగ్గరికి వెళ్లింది, కోటు పైనుంచి తాళంచెవి తడుముకుంది.

దారిలో ఆయనకు ఉపాయం చెప్పాను. ఒక దండ పరీక్షించడం మిగిలిపోయిందని, మాత్ర వేసుకోవడానికి ఇంటికొచ్చానని, ట్యాగ్ కావాలనే ఉంచానని చెప్పమన్నాను. ఎవరూ కాదనరు. పైగా ఎంత జాగ్రత్తపరుడని మెచ్చుకుంటారు. సెక్టర్ 7 మలుపు దాటేదాకా బతిమాలాను. వెనక సీటులోంచి ఆయన తల నా భుజానికి వాలింది. మళ్లీ నిద్రపోయాడేమోనని భయమేసింది.

చర్చిలో జనం దారి ఇచ్చారు. తాత తొందరపడలేదు. గుమ్మం దాకా వెళ్లి పైకి చూశాడు, తీగ వెంట నడిచాడు, బోర్డు దగ్గరికొచ్చి ట్యాగ్ తీసి జేబులో వేసుకున్నాడు. రవి కుమార్‌తో స్విచ్ వేయమన్నాడు. నక్షత్రం వెలిగింది. కంకులు బంగారంలా మెరిశాయి. అందరూ చప్పట్లు కొడుతుంటే పాస్టర్ గారు, పని ఇంకా మిగిలి ఉన్నట్టుంది పాపం, పెద్దాయన జాగ్రత్త కోసమే ట్యాగ్ ఉంచారని ఆయనంతట ఆయనే అన్నారు. నేను చెప్పిన అబద్ధమే, నా కష్టం లేకుండా, పాస్టర్ నోటి నుంచి వచ్చింది. తాత తలూపితే చాలు.

"పని నాలుక్కే అయిపోనాదండి" అన్నాడు తాత. "ట్యాగ్ తియ్యడం మర్చిపోనాను. ఇంటికెల్లి పడుకుండిపోనాను."

చప్పట్లు ఆగిపోయాయి. తాత కోటు గుండీలు విప్పి, పిన్నీసు తీసి, తాళంచెవి రవి కుమార్ చేతిలో పెట్టాడు. రవి కుమార్ వద్దనలేదు. వద్దంటాడేమోనని నేను ఎదురుచూశాను. తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు, తర్వాత చాలాసేపు ఆ జేబు మీద చెయ్యి పెట్టుకునే ఉన్నాడు. తాత వెళ్లి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. దగ్గాడు కూడా.

జనవరి ఆఖరి ఆదివారం నక్షత్రాన్ని దించింది రవి కుమారే. టెంట్ హౌస్ మాట మళ్లీ ఎత్తలేదు గాని తాళంచెవీ తిరిగివ్వలేదు. తాత కింద కుర్చీ వేసుకుని, తాడు పట్టుకోవడం కూడా రాని ఈ కాలపు ఎలక్ట్రీషియన్ల గురించి గంటసేపు మాట్లాడాడు. రాలిపోగా మిగిలిన కుచ్చులు ఇంటికి తెచ్చాం.

మర్నాడు పొద్దున్న ఎండలో ఇద్దరం కూర్చున్నప్పుడు అడిగాను, తలూపితే పోయేదానికి నలభై ఒక్క ఏళ్ల తాళంచెవి ఎందుకు పారేసుకున్నావని. ఆయన నావైపు చూడనైనా లేదు.

"పనైపోయినాక కూడా ట్యాగ్ ఉంచీసి, కావాలనే ఉంచినానంటే, రేపు నిజంగా పనవుతున్నప్పుడు ట్యాగ్‌ని ఎవడు నమ్ముతాడే? నోర్ముయ్. ఆ కుచ్చులు పిట్టలకి కట్టు."